అంచున రాసిన రోజులు

పళ్ళెం తిరిగొచ్చింది. దాని కింద పరిచిన కాగితం మాత్రం రాలేదు.

రొట్టె తుంచిన జాడ లేదు. పాల మీద మీగడ ముడతలు పడింది. పొద్దున్న ఎనిమిదింటికి కోడలి గది ముందున్న స్టూలు మీద పళ్ళెం పెట్టి, రెండుసార్లు తలుపు తట్టి, డాక్టరమ్మ చెప్పినట్టే నాలుగడుగులు వెనక్కి జరిగి నిలబడ్డాడు ఆయన. తలుపు ఓరగా తెరుచుకుంది. ఒక చెయ్యి బయటికొచ్చింది, పళ్ళెం లోపలికి పోయింది. పావుగంటకు ఇలా తిరిగొచ్చింది.

"తినలేదేమ్మా?"

పళ్ళెం స్టూలు మీదే ఉంచాడు.

"నీ ఒక్కదాని కోసం కాదు కదా..." అని మొదలుపెట్టి నాలుక కరుచుకున్నాడు. కడుపుతో ఉన్నదానికి కడుపులో బిడ్డ సంగతి గుర్తుచెయ్యడం ఎంత తెలివితక్కువ పనో ఈ ఐదు రోజుల్లో ఆయనకు బాగానే తెలిసొచ్చింది.

"మామయ్యా," అంది కోడలు చివరికి. తలుపుకు ఆనుకుని నిలబడినట్టుంది, గొంతు దగ్గర నుంచే వచ్చింది. "ఈ సున్నా పాయింటు నాలుగు ఏమిటి?"



తప్పు ఆయనదే. ఆ గదిలోకి వెళ్ళే ప్రతి పళ్ళెం కిందా ఒక కాగితం పరిచి, ఆ తర్వాత పారేయమంది డాక్టరమ్మ. ఆరోగ్య శాఖలో గణాంకాధికారిగా ముప్ఫై నాలుగేళ్ళుగా పనిచేస్తున్న మనిషికి చిత్తు కాగితాన్ని రెండోవైపు కూడా వాడందే చెయ్యి ఊరుకోదు. బల్ల మీద పడి ఉన్న పాత చిత్తుప్రతిలోంచి ఒక్కో కాగితం లాగి, అచ్చు ఉన్న వైపు కిందికి పెట్టి, రోజుకు మూడు చొప్పున పంపుతున్నాడు. నాలుగు గోడల మధ్య కూర్చున్న మనిషి పళ్ళెం కింద కాగితాన్నయినా తిరగేసి చూస్తుందన్న ఆలోచన ఆయనకు రాలేదు.

"నలభై ఒకటో పేజీ," అంది కోడలు. చదవడం మొదలుపెట్టింది. "'చికెన్‌పాక్స్ సోకిన బిడ్డ తల్లి కోల్పోయే పనిదినాలు, సగటున, సున్నా పాయింటు నాలుగు.' అంటే సగం రోజు కూడా కాదు. ఇది మీ రిపోర్టేనా?"

"నాదే."

"ఇవాళ సాయంత్రం సంతకం పెట్టేది దీనిమీదేనా?"

"దానిమీదే."

ఆయన చల్లారిన పాలగ్లాసు చేతిలోకి తీసుకున్నాడు, మళ్ళీ పెట్టేశాడు.

రెండో అంతస్తులో చిన్న ఇల్లు వాళ్ళది. హాల్లోకి తెరుచుకునే రెండు తలుపులు పక్కపక్కనే ఉంటాయి. ఒక గదిలో ఐదేళ్ళ మనవరాలు, ఇంటిల్లిపాదీ పిడుగు అని పిలిచే పిల్ల, ఒళ్ళంతా ఆటలమ్మ పొక్కులతో ఉంది. పక్క గదిలో దాని తల్లి, ఎనిమిది నెలలు నిండి. ఆమెకు చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చిందో లేదో చెప్పడానికి పెంచినవాళ్ళెవరూ మిగల్లేదు. రక్తపరీక్ష చెప్పింది, రాలేదని. పొక్కులు తేలడానికి రెండు రోజుల ముందు నుంచే ఆ జబ్బు అంటుకుంటుంది. ఆ రెండు రాత్రులూ పిడుగు తల్లి మెడ కావిలించుకునే పడుకుంది. కోడలికి రక్షణ కోసం ఒక సూది వేశారు. అది పనిచేసిందో లేదో తేలడానికి ఇరవై ఎనిమిది రోజులు పడుతుంది. పురుటి తేదీ ఆ రోజుల్లోనే వస్తుంది. ఆ సమయంలో పొక్కులు తేలితే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ గండమే.

పిల్ల ఒంటి మీద పొక్కులన్నీ పక్కులు కట్టేదాకా తల్లీకూతుళ్ళు ఒకే గాలి పీల్చకూడదు. రోజూ పొద్దున్నే కొత్తగా నాలుగైదు తేలుతున్నాయి, లెక్క మళ్ళీ మొదటికొస్తోంది.

కొడుకు సరుకుల ఓడలో ఇంజనీరు. తీరం చేరడానికి ఇంకా పదమూడు రోజులు పడుతుంది. దిగి వచ్చేద్దామంటే సముద్రం మధ్యలో మెట్లుండవు కదా నాన్నా అన్నాడు ఫోనులో, నవ్వబోతూ.

అందుకని ఉన్న ఇద్దరూ గదులు పంచుకున్నారు. ఆయనకూ ఆయన అక్కకూ ఆటలమ్మ చిన్నప్పుడే వచ్చిపోయింది. అక్క పిల్ల వైపు, ఆయన కోడలి వైపు. ఎవరి గడప వాళ్ళదే. ఐదు రోజులుగా ఆయన మనవరాలిని తాకలేదు. అయినా రెండు గదులకీ మధ్య గోడ ఒక్కటే కావడం ఎవరో దయతలిచి కట్టినట్టు ఉంది. పిడుగు ఇటు నుంచి మూడు దెబ్బలు కొడితే తల్లి అటు నుంచి మూడు కొడుతుంది. ఆ చప్పుడు విన్నాకే ఇంట్లో అందరికీ కునుకు పడుతోంది.

"ఈ సర్వే ఫారాలు నింపినదాన్ని నేను," అంది కోడలు. "గుర్తుందా మీకు?"

గుర్తు లేకేం. నిరుడు ఆయనకు మాట మాత్రమైనా చెప్పకుండా దరఖాస్తు పెట్టుకుని, మూడు నెలల కాంట్రాక్టు పనికి కుదిరింది. సంచీ భుజాన వేసుకుని మూడు వందల పన్నెండు ఇళ్ళు తిరిగింది. మీ అబ్బాయి కన్నా నేనే ఎక్కువ దూరం ప్రయాణం చేశాను మామయ్యా, కాకపోతే అంతా నడకే అని నవ్వించేది. పిల్లలందరికీ ఆటలమ్మ టీకా ఉచితంగా వేస్తే పెట్టిన ఖర్చుకు తగిన ఫలితం ఉంటుందా అని తేల్చే రిపోర్టుకు ఆ సర్వేనే ఆధారం.

"పదిహేడో గడి," అంది ఆమె. "'తల్లి జీతానికో కూలికో వెళ్ళేదైతే ఎన్ని రోజులు మానేసిందో వేయండి. వెళ్ళనిదైతే ఖాళీ వదిలేయండి.' అలాగే వదిలేశాను. నలభై ఇళ్ళ దాకా నాకూ ఏమీ అనిపించలేదు. నలభై ఒకటో ఇంట్లో ఒకావిడ పెన్సిలు లాక్కున్నంత పని చేసింది. ఇద్దరు పిల్లలకీ ఒకరి తర్వాత ఒకరికి వచ్చింది, ఇరవై నాలుగు రోజులు వీధి మొహం చూడలేదు, దానికి నీ కాగితంలో చోటు లేదా అమ్మాయ్ అని నిలదీసింది. లేదు. అంచున రాశాను. అప్పటి నుంచి అందరివీ అంచునే రాశాను. తొమ్మిది రోజులు, పదకొండు, ఏడు."

"అంచున రాసినవి కంప్యూటర్లోకి ఎక్కించరమ్మా."

"అది తెలుసు. గడిలో ఉన్న ఖాళీని ఏం చేశారు?"

ఏం చేశారో ఆయనకు తెలుసు. ఆ ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి మొదటి రోజే చెప్పే మాట అది: ఖాళీ ఉంటే సున్నా. ఎన్నో ఏళ్ళ కిందట బోరుబావుల సర్వే చేసినప్పుడు, ఖాళీ గడి వస్తే కంప్యూటరు మొరాయిస్తోందని గుమాస్తాలు గోల పెడితే, సాయంత్రం బస్సు అందుకునే తొందరలో ఒక ఉత్తరువు రాసిచ్చాడు. బోరు లేని ఇంట్లో ఖాళీ అంటే సున్నాయే. అందులో తప్పేమీ లేదు. ఆ ఉత్తరువు మాత్రం బోర్లతో ఆగలేదు. సర్వే తర్వాత సర్వేకి అలా పాకుతూ వచ్చేసింది.

"సున్నా వేశారు," అని ఆమే చెప్పింది. "ఎవరి ఆర్డరు అది?"

"నాదే."

పళ్ళెం మళ్ళీ తలుపు దగ్గరికి జరిపాడు.

"రొట్టె తినమ్మా," అన్నాడు కాసేపటికి.

"తిన్నానని రాసుకోండి. గడి ఖాళీగా ఉంటే మీ ఇష్టమొచ్చింది వేసుకుంటారు కదా."

ఆ తర్వాత లోపల మంచం కిర్రుమంది.

*

హాల్లో బల్ల ముందు కూర్చుని మధ్యాహ్నం దాకా లెక్క తిరగేశాడు.

ఒక మనిషికి ఒక ఏడాది ఆరోగ్యం ఇవ్వడానికి ఎంత ఖర్చు పెట్టవచ్చో ప్రభుత్వం ఒక గీత గీసుకుని ఉంటుంది. టీకా ఖర్చు గీతకి పైన ఉంటే వద్దంటారు, కింద ఉంటే సరేనంటారు. ఆయన రిపోర్టులో అది నూటికి ఎనిమిది పాళ్ళు పైన ఉంది. తల్లుల రోజులు సగటున ఏడని వేసి చూస్తే గీతకి ఐదు పాళ్ళు కిందికి దిగింది. నాలుగున్నర వేస్తే సరిగ్గా గీత మీద నిలబడింది. నిజం ఏడా, నాలుగున్నరా, ఇంకేదైనానా అన్నది ఆయనకు తెలియదు. ఒక్క సర్వేయరు జ్ఞాపకం లెక్క కాదు. ఫారాలు కళ్ళతో చూడాలి.

"తాతయ్యా, రెండు వందల పదకొండు. రాసుకో." పిడుగు గొంతు తలుపు సందులోంచి వచ్చింది. అది రోజూ తన పొక్కులు తనే లెక్కపెట్టుకుని అంకె చెప్తుంది. ఆయన బుద్ధిగా రాసుకున్నాడు.

వెనకే అక్క వచ్చి ఆ గది గడప మీద కూర్చుంది, గీత దాటకుండా. నలభై ఏళ్ళు కుట్టుమిషను తొక్కిన మనిషి. పిల్ల గోక్కోకుండా పాత దుప్పటి చించి రెండు చేతులకీ సంచుల్లాంటి తొడుగులు కుట్టింది. వాటికి చెవులు కూడా పెట్టింది, కుందేళ్ళని చెప్పి. పొద్దున్న తలుపు దగ్గర నడిచిన మాటలన్నీ విన్నట్టుంది. దాచలేదు.

తన సర్పి సంగతి ఆ లెక్కలో ఉందా అని అడిగింది ముందు. మూడేళ్ళ కిందట ఆమెకు నడుము చుట్టూ మంట పొక్కుల వరసగా సర్పి లేచింది, రెండు నెలలు చీర కొంగు తగిలినా ఓర్చుకోలేకపోయింది. ఆటలమ్మ వచ్చిపోయినవాళ్ళకే పెద్దయ్యాక అది లేస్తుంది. ఊళ్ళో పిల్లల ద్వారా ఆ జబ్బు అప్పుడప్పుడూ తగులుతూ ఉంటేనే పెద్దవాళ్ళ ఒంట్లో పాత రక్షణ మేలుకుని ఉంటుందనీ, టీకాలు వేసి పిల్లల్లో తగ్గిస్తే కొన్నేళ్ళ పాటు పెద్దవాళ్ళలో సర్పి పెరగొచ్చనీ ఒక వాదన ఉంది. ఆ ఖర్చు పైసా వదలకుండా టీకా మీదే వేశానని చెప్పాడాయన.

"నా నొప్పికి రేటు కట్టావన్నమాట."

"కట్టాను."

"పోనీలే, కట్టావు. అది చాలా మంది కట్టరు." అక్క తొడుగుకి ఊడిన దారం కొరికింది. "మరి మా మరదలి రోజులకి?"

మరదలు అంటే ఆయన భార్య. పోయి ఆరేళ్ళయింది.

"తన సంగతి ఇప్పుడెందుకక్కా?"

"నీ కొడుక్కి ఏడో ఏట వచ్చింది ఆటలమ్మ. నువ్వు క్యాంపులో ఉన్నావు, బోర్లు లెక్కపెడుతూ. పదహారు రోజులు అది గది దాటలేదు, తల దువ్వుకోలేదు. నువ్వొచ్చావు. ఇన్నాళ్ళూ ఇంట్లో ఏం చేశావు, బ్యాంకుకి కూడా వెళ్ళలేదా అన్నావు."

ఆయన పెన్ను మూత పెట్టాడు, తీశాడు.

"తనేమంది?"

"కుదర్లేదు అంది. అంతే. నాకైతే చీపురు తిరగేసి ఒక్కటివ్వాలనిపించింది. అది మాత్రం నీకు స్నానానికి వేణ్ణీళ్ళు పెట్టడానికి పోయింది."

లోపల పిడుగు దురద అని మూలిగింది. అక్క మోకాళ్ళ మీద చేతులు ఊని లేచింది. పోతూ పోతూ తలుపు మెల్లిగా వేసింది, తమ్ముడి మీద కోపం తలుపు మీద చూపించకుండా.

*

డైరెక్టరు ఒంటిగంటకు ఫోన్ చేశాడు. ఆఫీసులో ఈయనకు దశాంశం అని పేరు పెట్టింది ఆయనే. మంచివాడే. పదేళ్ళుగా ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చున్నారు.

ఇందాక ఈయన పంపిన కొత్త లెక్క చూశానన్నాడు. అది తప్పనలేదు. సొమ్ము ఆకాశం నుంచి ఊడిపడదనీ, ఈ టీకాకు పెట్టేది ఇంకో టీకా నుంచే తీయాలనీ, ఆ రెండోదాని పిల్లల తల్లులు కూడా తల్లులేననీ అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది.

తర్వాత అసలు సంగతికి వచ్చాడు.

"దశాంశం గారూ, మీ ఇంట్లో ఆటలమ్మ ఉందని నాలుగింటికి కూర్చునే టీకా కమిటీకి చెప్పారంటే నియమం ప్రకారం మీరు బయటికి. మీ కింద కుర్రాడు పాత రిపోర్టు మీద ఒక్క నిమిషంలో సంతకం పెడతాడు. చెప్పకుండా అంకె మార్చారంటే రేపెవరో ఒకరు బయటపెడతారు, మనవరాలి కోసం మార్చాడని రిపోర్టు మొత్తం చెత్తబుట్టలో వేస్తారు. మార్చకుండా సంతకం పెడితే తప్పని తెలిసే పెట్టినట్టు."

"వాయిదా వెయ్యలేరా?"

"బడ్జెట్టు ఇవాళ ఆరింటికి మూస్తారు. మళ్ళీ ఈ ఫైలు తెరిచేది ఐదేళ్ళకి. మీరు రిటైరయ్యేది ఎనిమిది నెలల్లో." కాస్త ఆగాడు. "కోడలు ఎలా ఉంది?"

బాగానే ఉందన్నాడు. పొద్దున్న నుంచి తినలేదని చెప్పలేదు.

ఫోన్ పెట్టేశాక హాలు మరీ ఇరుకైపోయినట్టు అనిపించింది. ఎటు తిరిగినా గోడే. కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి, గాలి ఆడాలని డాక్టరమ్మ చెప్పింది కాబట్టి.

కమిటీ ప్రతిసారీ పంపే ప్రకటన కాగితం బల్ల మీద ఉంది. 'ఈ విషయంలో నాకు స్వప్రయోజనం లేదు' అన్నచోట టిక్కు పెట్టడం తప్ప ఇన్నేళ్ళలో దాన్ని ఎవరూ కింది దాకా చదివి ఉండరు. ఆయన చదివాడు. 'ఉంది' అన్నదాని కింద వివరాలకు కొంచెం చోటు. దాని కింద సన్నటి అక్షరాలు. వివరాలను అధ్యక్షులు సమావేశంలో పైకి చదవాలి, మినిట్సులో యథాతథంగా రాయించాలి, ఆ తర్వాత సభ్యుడు బయటికి వెళ్ళాలి.

ఆ పంక్తిని మూడుసార్లు చదివాడు. లేచి వెళ్ళి కోడలి తలుపు తట్టాడు.

"నీ పేరు రాయాలమ్మా. నీ సర్వే నంబరు, ఫోన్ నంబరు కూడా. రాయనా?"

ఎక్కడ, ఎందుకు అని అడిగింది. చెప్పాడు.

"మీ ఉద్యోగానికి ఏమీ కాదా?"

"ఏమో తెలీదు."

"రాయండి. కానీ ఉన్నదే రాయండి. మొదటి నలభై ఇళ్ళలో నేనూ వదిలేశాను, అది కూడా వెయ్యండి." ఆపైన గొంతు కాస్త మెత్తబడింది. "ఆ రొట్టె ఇంకా ఉందా?"

ఆయన కొత్త రొట్టె తెచ్చి పెట్టాడు. ఈసారి పళ్ళెం కింద తెల్ల కాగితం వేశాడు.

*

నాలుగింటికి కంప్యూటరు తెర మీద కమిటీవాళ్ళ ఆరు మొహాలు తేలాయి. అధ్యక్షురాలు పిల్లల డాక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఎవరికైనా స్వప్రయోజనం ఉందా అని మామూలుగా అడిగి, జవాబు కోసం చూడకుండానే తర్వాతి కాగితం తీయబోయింది.

"నాకుంది," అన్నాడాయన.

డైరెక్టరు తల పట్టుకోవడం తెర మీద చిన్నగా కనిపించింది. అధ్యక్షురాలు కళ్ళద్దాలు సర్దుకుని, అప్పుడే అందిన ప్రకటన తెరిచి, పైకి చదివింది.

"'నా మనవరాలికి ఐదు రోజులుగా చికెన్‌పాక్స్. నా కోడలు నిండు గర్భిణి, ఆమెకు రక్షణ లేదు, పక్క గదిలో ఉంది. ఆమె ఇదే సర్వేలో ఇరవై ఆరో నంబరు సర్వేయరు. మొదటి నలభై ఇళ్ళు వదిలేసి, మిగతా ఇళ్ళలో జీతం లేని తల్లుల రోజులు ఫారాల అంచున రాసింది. వాటిని ఎక్కించలేదు. ఖాళీ గడిలో సున్నా వేయమన్న ఉత్తరువు నాది. కాబట్టి ఈ రిపోర్టులో నాకు రెండు విధాల ప్రయోజనం ఉంది. అది మారితే నా ఇంటికి మేలు. మారకపోతే నా తప్పు బయటపడదు.'"

డైరెక్టరు గొంతు సవరించుకుని, ఇది ప్రకటనా వాదనా అని అభ్యంతరం చెప్పాడు.

"చదవమని నియమం. చదివాను," అంది అధ్యక్షురాలు. తర్వాత తెరలోంచి సూటిగా ఈయన వైపు చూసింది. "మీరిక వెళ్ళాలండీ."

తెర నల్లబడింది. అందులో ఆయన మొహమే ఆయనకు కనిపించింది.

ఉతికిన పిల్ల దుప్పట్లు ఎండలో వేయడానికి అక్క మేడ మీదికి వెళ్ళింది. ఇంట్లో కుళాయి చుక్కలు పడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. పావుగంట గడిచింది. కోడలి గదిలో ఫోన్ మోగింది.

"మామయ్యా, ఏదో కొత్త నంబరు."

"తియ్యమ్మా."

"ఏం చెప్పమంటారు?"

చెప్పాలనుకున్నవి నోటి నిండా ఉన్నాయి. "నేను చెప్పకూడదు," అన్నాడు.

తలుపు ఇవతలికి ఆమె మాటలే వినిపించాయి. అవునండీ. ఇరవై ఆరో నంబరు. రెండు వందల డెబ్బై రెండు ఇళ్ళు, పెన్సిలుతో. ఉన్నాయండీ, రికార్డుల గోదాములో. కట్టలు నేనే కట్టాను. లేదండీ, పైన చీటీలు ఉండవు. తర్వాత చాలాసేపు వినడమే. ఆ తర్వాత, "వద్దంటున్నారని అర్థమైందండీ," అంది, ఫోన్ పెట్టేసింది.

గడియ తీసిన చప్పుడైంది.

ఆయన అలవాటుగా నాలుగడుగులు వెనక్కి వేశాడు. తలుపు పూర్తిగా తెరుచుకుంది. ఐదు రోజుల తర్వాత కోడలి మొహం చూశాడు. మాస్కు పైన కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఒక చేత్తో నడుము పట్టుకుంది. కాళ్ళకు చెప్పులున్నాయి.

"ఎక్కడికి?"

"గోదాముకి. ఆరింటిలోగా ఫారాలు చూపిస్తే నా ఇళ్ళ అంకెలతో లెక్క తిరగేయిస్తానంది కమిటీ అధ్యక్షురాలు. నన్ను రావద్దంది. ఎవరినైనా పంపమంది." గొంతు తగ్గించే మాట్లాడుతోంది. "ఎవరున్నారు పంపడానికి? వేల ఫారాల్లో నా కట్టలు నేనే పోల్చుకోగలను. మీరు ముట్టుకుంటే మామగారే కూర్చుని రాశాడంటారు."

"డాక్టరమ్మ..."

"ఎనిమిదో రోజు నుంచి ఎవరి పక్కకీ పోవద్దంది. నాకు అంటుకుందనుకున్నా ఇవాళ్టికి ఏడో రోజే. రేపటి నుంచి నేను ఎవరికైనా ప్రమాదం. ఇవాళ కాదు. కింద బండి పిలిచాను."

కాదనడానికి లెక్కలో తప్పు దొరకలేదు ఆయనకు. తప్పు దొరికితే బాగుండునని వెతికాడు.

ఆమె ఒక అడుగు వేసింది. పక్క గదిలో మంచం మీద నుంచి ఏదో దూకిన చప్పుడైంది.

"అమ్మా?"

కోడలు మాస్కు మీద చెయ్యి గట్టిగా అదుముకుంది. కదల్లేదు. పలకలేదు.

"అమ్మా, నీ చెప్పులు వినిపించాయి."

మూడేళ్ళ వయసులో లోపల గడియ వేసుకుని, తీయడం రాక ఏడ్చిన నాటి నుంచి పిడుగు గదికి గడియ లేదు. పిడి తిరగడం మొదలైంది. ఆయన ఒక్క అంగలో వెళ్ళి పిడిని రెండు చేతులతో పట్టుకున్నాడు. తల తిప్పి కోడలి వైపు చూశాడు, వెళ్ళమన్నట్టు. ఆమె ఆ తలుపు వైపు చూస్తూనే గోడ పట్టుకుని హాలు దాటింది.

పిడికి అవతల గుడ్డ తొడుగులు జారుతున్నాయి. పిల్ల బలం ఎంత? అయినా ఆయన పట్టు వదల్లేదు. ఐదు రోజుల తర్వాత దాని చేతికి ఇంత దగ్గరగా రావడం ఇప్పుడే. వచ్చింది తలుపు మూసి పట్టుకోవడానికి.

"తాతయ్యా, వదులు. అమ్మ బయట ఉంది."

"లేదు తల్లీ. నేనే."

ఉన్నదే రాసిన చేతికి ఇంకా సిరా ఆరలేదు. నోరు మాత్రం అంత తేలిగ్గా అబద్ధమాడింది.

వీధి తలుపు తెరుచుకుని మూసుకుంది. మెట్ల మీద అడుగులు మొదలయ్యాయి, ఒక్కో మెట్టుకీ రెండు కాళ్ళూ ఆనించి, బరువుగా. ఆయన లెక్కపెట్టసాగాడు. కింద బండివాడు ఒకసారి హారను కొట్టాడు. తొమ్మిది. పది.

పదకొండో మెట్టు దగ్గర అడుగులు ఆగిపోయాయి.

ఆయాసం తీర్చుకుంటోందనుకున్నాడు. కాసేపు చూశాడు. హారను మళ్ళీ మోగింది. అడుగు కదల్లేదు. కిందికీ లేదు, పైకీ లేదు. పేరు పెట్టి పిలిస్తే పిల్లకు తెలిసిపోతుంది. తలుపు వదిలితే పిల్ల తల్లి దగ్గరికి పరిగెడుతుంది. అక్కను కేకేద్దామంటే మేడ మీదికి వినిపించదు. పిడి మీద చేతులు చెమటకు జారుతున్నాయి.

కింద మెట్టుకు గాజులు తగిలిన చప్పుడైంది, వెంటే ఒక మూలుగు. అవతల గుంజడం ఆగింది. పిల్ల కూడా చెవి ఒగ్గి వింటున్నట్టుంది.

"తాతయ్యా," అంది చాలా మెల్లిగా, తలుపుకు మొహం ఆనించి. "అమ్మ మెట్ల మీద కూర్చుండిపోయింది."